కాబోయే డాక్టరుగారు

మా హైస్కూలు స్టాఫ్‌రూములో "డాక్టరుగారూ" అని పిలిస్తే ఇద్దరు తలెత్తుతారు. ఒకరు హోమియో గుళికలిచ్చే లెక్కల మాస్టారు. రెండోవారు ఇంకా డాక్టరు కాని సోషల్ మాస్టారు. ఎం.ఏ., ఎం.ఇడి. ఎప్పుడో అయిపోయాయి. ఎడ్యుకేషన్‌లో పిహెచ్.డి. మాత్రం అప్లికేషను దగ్గరుంది. అమలాపురంలో ఇల్లు కట్టుకున్నప్పుడు గుమ్మం పక్క పాలరాతి పలకమీద పేరుకి ముందు కాస్త చోటు వదిలేసి చెక్కించారు. పేరు ఓ పక్కకి ఒరిగిందేమని అడిగినవాళ్ళకి వాస్తు అని చెబుతారు.

జిల్లాకి ఇలాంటివారు పదిమందైనా ఉంటారు. జిప్పున్న ప్లాస్టిక్ ఫోల్డరుని బట్టి పోల్చుకోవచ్చు. అందులో పదో తరగతి నుంచి ఎం.ఇడి. దాకా మార్కుల జాబితాలు, మైగ్రేషన్, గెజిటెడ్ సంతకాలు పడ్డ జిరాక్సులు, నోటిఫికేషన్ పడిన మర్నాడే పోస్టుచేయడానికి వీలుగా కొన్ని కవర్లు ఉంటాయి. దరఖాస్తులన్నీ ఆన్‌లైనైపోయాక కూడా ఆ కవర్లు అలాగే ఉన్నాయి. పాస్‌పోర్టు ఫోటోలు ఓ గుత్తి. వాటిలో మాస్టారి జుట్టు ఇంకా నల్లగానే ఉంది.

పరిశోధనాంశం సంగతి చెప్పాలి. ఎడ్యుకేషన్‌లో అంశం కుదరడం పెద్ద కష్టమేమీ కాదు. ఓ జిల్లా, ఓ రకం ఉపాధ్యాయులు, దేనిపట్లనో వాళ్ళ వైఖరి, చివర 'ఒక పరిశీలన' అని ఉంటే చాలు. మాస్టారిది 'తూర్పు గోదావరి జిల్లా ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు వృత్తిపట్ల గల వైఖరి: ఒక పరిశీలన'. వైఖరులెన్ని మారినా చెక్కుచెదరని ఆ శీర్షికని 2022 ఏప్రిల్ 4న ప్రభుత్వం కదిపేసింది. పదమూడు జిల్లాలు ఇరవయ్యారయ్యాయి. మా బడి కోనసీమలో పడింది, మాస్టారి శాంపిల్‌లో సగం కాకినాడకి పోయింది. 'ఉమ్మడి' అని ముందు చేరిస్తే సరిపోతుందని నేనన్నాను. ఆయన నా వంక జాలిగా చూసి, "చరిత్ర డిపార్టుమెంటుకి తోసేస్తారండీ" అన్నారు.

ప్రశ్నావళి ఎప్పుడో తయారైంది. 1932లో లైకర్ట్ మహాశయుడు కనిపెట్టిన ఐదు మెట్ల కొలబద్ద అది, 'పూర్తిగా అంగీకరిస్తాను' మొదలు 'అసలు అంగీకరించను' దాకా. స్టాఫంతా నింపాం. డ్రిల్లు మాస్టారు మాత్రం అన్నిటికీ 'తటస్థం' దగ్గరే టిక్కు పెట్టారు. ఎందుకండీ అంటే, "ఎందుకొచ్చిన గొడవ, రేపు బదిలీలున్నాయి" అన్నారు. వృత్తిపట్ల వైఖరి గురించి ఇంతకన్నా పెద్ద సత్యం ఆరువందల పేజీల థీసిస్‌లోనూ తేలదని నా నమ్మకం.

ఇంట్లో కూడా ఇదే భాష. ఓ ఆదివారం భోజనాల దగ్గర, "మా అమ్మ పులుసుకీ నీ పులుసుకీ సార్థక భేదం లేదు" అని శూన్య పరికల్పన ప్రతిపాదించారట. ఆ పూటే అది తిరస్కరణకి గురైంది. రాత్రి మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నారు.

2022 నవంబరులో వచ్చిన యూజీసీ నిబంధనలు ఆయనకి కంఠతా వచ్చు. పీజీలో 55 శాతం ఉండాలి, రిజర్వేషనుంటే ఐదు సడలిస్తారు. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైం చేయాలంటే పైవారి ఎన్‌ఓసీ కావాలి. కనీసం మూడేళ్ళు, గరిష్ఠం ఆరేళ్ళు, మళ్ళీ రిజిస్టరైతే ఇంకో రెండు, ఆడవాళ్ళకైతే అన్నీ కలిపి పదేళ్ళ దాకా. పూర్తిచేయడానికి ఇన్ని గడువులు పెట్టిన యూజీసీ, మొదలుపెట్టడానికి ఒక్కటీ పెట్టలేదు. ఆ సందులోనే మా మాస్టారు కాపురం పెట్టారు.

గైడు కోసం తిరగడం వేరే విద్య. ప్రొఫెసరు దగ్గర ఎనిమిదిమంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు మించి స్కాలర్లుండకూడదు. ఎవరి దగ్గర ఎన్ని ఖాళీలో, ఎవరి స్కాలరు వైవాకి దగ్గరపడ్డాడో ఆయన చేతివేళ్ళమీద ఉంటుంది. ఒకసారి ఆత్రేయపురం పూతరేకులు రెండు పెట్టెలు పట్టుకుని ఓ ప్రొఫెసరుగారింటికి వెళ్ళారు. ఆయన తీరిగ్గా తిని, మంచినీళ్ళు తాగి, "సర్వీసు మూడేళ్ళలోపుంటే కొత్తవాళ్ళని తీసుకోకూడదు కదండీ, నాకింక రెండేళ్ళ పదకొండు నెలలే" అన్నారు. అప్పట్నించీ మాస్టారు పుట్టినతేదీ తెలిసేదాకా పూతరేకుల పెట్టె సంచీలోంచి తీయరు.

పరీక్షలకీ కొదవలేదు. యూనివర్సిటీ పరీక్ష, ఆర్‌సెట్, ఆపైన 2024 నుంచి నెట్ స్కోరుతోనూ పిహెచ్.డి.లో చేరొచ్చన్నారు. జూన్ 18న రాసొచ్చి, "ఈసారి కొట్టేశానండీ" అన్నారు. ఆయన బాగా రాశానని ఒప్పుకున్న పరీక్ష అదొక్కటే. మర్నాడు రాత్రి దేశం మొత్తమ్మీద దాన్ని రద్దుచేశారు. తొమ్మిది లక్షలమందికి పైగా నష్టపోయిన ఆ వ్యవహారాన్ని మాస్టారు ఇప్పటికీ తన సొంత విషయంగానే భావిస్తారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో మళ్ళీ పెట్టినప్పుడు కాగితం పోయి కంప్యూటరొచ్చింది. మౌసు సరిగ్గా కదల్లేదట.

ఇంటర్వ్యూదాకా వెళ్ళిన సందర్భమూ లేకపోలేదు. బల్ల అవతల కూర్చున్న పెద్దాయన, "మీ సమస్య ఏమిటి?" అన్నారు, పరిశోధన సమస్యని ఉద్దేశించి. మాస్టారు నిట్టూర్చి, "ఎన్‌ఓసీ అండీ. ఫైలు ఇంకా డీఈఓ ఆఫీసులోనే ఉంది" అన్నారు.

నవ్వుతున్నాం గానీ ఆయన వల్ల బాగుపడ్డవాళ్ళున్నారు. ఈ దారి పట్టినవాళ్ళందరికీ అప్లికేషను నింపిపెట్టేది, సినాప్సిస్ దిద్దిపెట్టేది ఆయనే. మా బళ్ళో సైన్సు చెప్పిన ఓ అమ్మాయికీ అలాగే చేసిపెట్టారు. ఆ పిల్ల చేరింది, కోర్సువర్కు అయింది, థీసిస్ ఇచ్చింది, యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసరైంది, పేపర్లు వేసి గైడుషిప్ కూడా తెచ్చుకుంది. మొన్న మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పూతరేకులు పట్టుకుని ఆ అమ్మాయి గదికే వెళ్ళారు. ఆవిడ లేచి నిలబడి, "కూర్చోండి మాస్టారూ, మీకు కాకపోతే ఇంకెవరికిస్తానండీ, రేపే పేరు పంపించేస్తాను" అందిట.

"ఇంకేవండీ, అయిపోయినట్టే కదా!" అన్నాను.

"ఆయ్, అదేనండి చూస్తున్నాను. నాలుగూ ఖాళీలే. అమ్మాయికింకా ముప్పైయేళ్ళ సర్వీసుంది," అన్నారు ఫోల్డరు జిప్పు లాగుతూ. "అంత తొందరేముందండీ?"