మా వీధిలో ఆరో మందుల షాపు

మా వీధిలో ఆరో మందుల షాపు తెరిచారు. జబ్బులేమైనా ఆరు రెట్లయ్యాయా అంటే అదీ లేదు. ఉన్న రోగులమే ఉన్నాం. బీపీ మాత్ర, షుగరు మాత్ర ఆరు చోట్లా అదే కంపెనీది, అదే రేకు, మీద అచ్చువేసిన ధరా అదే. ఒకడు పది శాతం తగ్గిస్తానని బోర్డు పెడితే ఎదుటివాడు పదిహేనని పెడతాడు. ఏలూరు రోడ్డు మలుపు నుంచి మా ఇంటిదాకా నడిచి వస్తే మందుల షాపు, టీ కొట్టు, కర్రీ పాయింటు, బంగారం మీద అప్పిచ్చే ఆఫీసు, మళ్లీ మందుల షాపు. మధ్యలో జానెడు సందు మిగిలితే అక్కడ సెల్‌ఫోను కవర్లు వేలాడదీస్తారు.

మా రోజుల్లో ఇలా కాదు. ఆ మాట అంటే మా మనవలు మొహాలు తిప్పుకుంటారని తెలిసే అంటున్నాను. నేను పనిచేసింది అమ్మకం పన్ను ఆఫీసులో. 1957 నాటి చట్టంతో మొదలుపెట్టి, 2005లో వ్యాట్ వచ్చేదాకా బెజవాడ కొట్ల లెక్కలు చూసినవాణ్ణి. ఏ కొట్టు ఎంత బేరం చేస్తుందో, అందులో ఎంత పుస్తకంలోకి ఎక్కదో కూడా కాస్త తెలుసు.

అప్పుడు ఇదే వీధిలో కంటికి భూతద్దం బిగించుకుని వాచీలు బాగుచేసే ఆయన ఉండేవాడు. పక్కన లెడ్జర్లు బైండింగు చేసే కొట్టు, దాని పక్కన గొడుగుల కొట్టు, గంటకింతని సైకిళ్లు అద్దెకిచ్చే షాపు. కొలతలు ఒకసారి తీసుకుంటే మనిషి లావెక్కేదాకా మళ్లీ టేపు ముట్టని టైలరు ఒకాయన. ఒక్కొక్కడి చేతిలో ఒక్కో పని ఉండేది. పని నేర్చాక గది వెతుక్కునేవాడు. ఇప్పుడు ముందు గది వెతుకుతారు, అడ్వాన్సు కడతారు, ఏం పెట్టాలో తర్వాత ఆలోచిస్తారు.

ఇదంతా విని మా ఆవిడ ఒక మాటంది: “మరి ఎస్టీడీ బూతులో? అడుగడుక్కీ ఒకటి ఉండలేదూ?”

ఉండేవి. ఎనభైల చివర పసుపు బోర్డులు మొదలై, తొంభైల్లో బెజవాడంతా పాకాయి. రాత్రి పదకొండు దాటితే పావు చార్జీ అని బొంబాయిలోనో ఇంకెక్కడో దూరాన కొడుకున్న తల్లులు నిద్రమానుకుని వరసలో నిలబడేవాళ్లు. అద్దాల గది, ఒక ఫోను, ఎర్ర అంకెలు తిరిగే మీటరు, ఒక స్టూలు; ఇంకేమీ అక్కర్లేదు. వికలాంగులకు బూతుల కేటాయింపులో ముందు చోటిచ్చేవారు, అది మంచి పని. అయితే ఫోను పక్కన కూర్చోవడానికి ప్రత్యేకించి నేర్వాల్సిన విద్యేముంది? అందుకే అన్ని పుట్టాయి, అందుకే అంత త్వరగా పోయాయి. 1995లో సెల్‌ఫోను దేశంలోకి వచ్చింది. 2003లో ఇన్‌కమింగు ఉచితమయ్యాక బూతుకి రోజులు దగ్గరపడ్డాయి. ఆ గదుల్లోనే జిరాక్సు మిషన్లు దిగాయి, తర్వాత ఇంటర్నెట్ సెంటర్లు, తర్వాత రీచార్జి కొట్లు. రీచార్జి జనం తమ ఫోన్లోనే చేసుకోవడం మొదలుపెట్టాక మిగిలినవి ఆ కవర్లూ అద్దాలూ. బోర్డు మారింది గానీ స్టూలు మారలేదు.

అంతకుముందు టైపు ఇన్‌స్టిట్యూట్లూ ఇలాగే పుట్టుకొచ్చాయి కదా అంటారేమో. వచ్చాయి. గుమాస్తా ఉద్యోగానికి టైపు లోయరో హయ్యరో పాసవ్వాలి గనక వచ్చాయి. అక్కడ మిషన్లున్నంత మాత్రాన సరిపోదు. వేళ్లు తప్పు పడితే మొట్టే మనిషి ఒకడు ఉండాలి. నా వేళ్లు ఇప్పటికీ ఆయన్ని మరిచిపోలేదు.

సరే, మందుల షాపు. ఇన్ని ఎందుకయ్యా అని ఆరో షాపు కుర్రాణ్ణే అడిగాను. మర్యాదస్థుడు, స్టూలు వేసి కూర్చోబెట్టాడు. “తాతగారూ, కూరగాయల కొట్టు పెడితే సాయంత్రానికి సరుకు వాడిపోతుంది. బట్టల కొట్టు పెడితే ఫ్యాషను మారిపోతుంది. మందుకి తేదీ దాటినా డిస్ట్రిబ్యూటరు వెనక్కి తీసుకుంటాడండీ. సరుకూ అప్పు మీదే ఇస్తాడు,” అన్నాడు. లెక్క చెప్పించుకున్నాను, పాత అలవాటు. ధరల నియంత్రణలో ఉన్న మందుల మీద 2013 ఉత్తర్వు ప్రకారం చిల్లర వర్తకుడికి పదహారు శాతం. మిగతావాటి మీద ఇంకా ఎక్కువే. బేరమాడేవాడుండడు, మందు మానేసేవాడూ ఉండడు. పైగా ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక ఫార్మసీ కాలేజీలు ఊరూరా వెలిశాయి. పట్టాలు పట్టుకుని బయటికొచ్చిన పిల్లలందరికీ కంపెనీల్లో ఉద్యోగాలెక్కడివి? ఆ కుర్రాడూ బీఫార్మసీయే. కౌంటరు వెనక తనే నిలబడతాడు గనక వాడి దగ్గరే కొంటున్నాను. గోడ మీద సర్టిఫికెట్టు ఒకరిది, కౌంటరు దగ్గర మనిషి ఇంకొకరుగా ఉండే కొట్లూ చూశాను.

ఆసుపత్రులన్నీ గుమిగూడిన సూర్యారావుపేటలో ఎన్ని మందుల షాపులున్నా నేను గొణగను. హైదరాబాదు లాడ్ బజారులో గాజుల కొట్లు పక్కపక్కనే ఉండటం అలాంటిదే. గాజులు కావలసినవాళ్లు అక్కడికే వస్తారు, ఒక కొట్లో నచ్చకపోతే పక్క కొట్లో దూరతారు, ఆ గుంపు వల్ల అందరికీ బేరం. మా వీధికి మందులు కొనడానికని ఎవరూ పనిగట్టుకుని రారు. ఉన్న బేరాన్నే ఆరుగురు పంచుకుంటున్నారు.

టీ కొట్ల సంగతి ఇంకా విచిత్రం. మా టీ బడ్డీ ఆయన పాలు ఎంతసేపు మరగాలో వాసన చూసి చెప్పేవాడు. ఇప్పుడు డబ్బు కడితే బోర్డు, రంగులు, పొడి, గ్లాసులు, ఏ టీ ఎలా కాయాలో రాసిన కాగితం అన్నీ ఒకేచోటి నుంచి వస్తాయి. యజమానికి టీ కాయడం రానక్కర్లేదు, తాగే అలవాటు లేకపోయినా ఫరవాలేదు. ఎదురెదురుగా రెండు తెరిచినా పొడి పంపేవాడికి నష్టం లేదు. టీ అమ్మేవాడికన్నా టీ కొట్లు అమ్మేవాడే బాగుపడుతున్నాడని నా అనుమానం.

బంగారం అప్పుల గురించి ఎక్కువ చెప్పను. ఒకప్పుడు మార్వాడీ కొట్లోకి చీకటి పడ్డాక తలొంచుకుని వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఏసీ గది, అద్దాల తలుపు, కుర్చీ, మంచినీళ్లు. 2014లో రిజర్వు బ్యాంకు నగ విలువలో డెబ్బై అయిదు శాతం దాకా అప్పివ్వొచ్చన్నాక ఈ ఆఫీసులకు మంచి ఊపొచ్చింది. నగలు లేని ఇల్లు మన దగ్గర లేదు, అవసరం లేని ఇల్లూ లేదు.

వీటన్నిట్లో నాకు కొంచెం గౌరవమున్నది కర్రీ పాయింటు మీద. ఒప్పుకోవడం కష్టమే, మా అమ్మ బతికుంటే కొనుక్కొచ్చిన పప్పుని ఇంట్లోకి రానిచ్చేది కాదు. కరెంటు కుక్కరొచ్చాక అన్నం వండటం పని కాకుండా పోయింది, మీట నొక్కడమే. కూరే పని. కోయాలి, తాలింపు పెట్టాలి, దగ్గర నిలబడాలి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఆఫీసు నుంచి ఏడింటికి వచ్చే ఇంట్లో అదెవరు చేస్తారు? ఆ ప్రశ్నకి మా తరం మగవాళ్లు వెతికిన జవాబు ఒకటే, ఆడవాళ్లే చేస్తారని. అంతకన్నా ఇది నయం. కుర్చీలూ బల్లలూ అక్కర్లేదు, సర్వర్లు అక్కర్లేదు. గ్యాసు పొయ్యి, నాలుగు గిన్నెలు, మూటకట్టే చెయ్యి ఉంటే చాలు. వండటం మాత్రం వచ్చి తీరాలి. దోసకాయ పప్పు కుదరకపోతే మర్నాటికి జనం పక్క సందుకి వెళ్లిపోతారు. మా వీధిలో వచ్చిన కర్రీ పాయింట్లలో రెండు మూతపడ్డాయి, నిలిచినదాన్ని నడిపేది అంతకుముందు ఇళ్లకి క్యారియర్లు పంపిన ఆవిడ. సాంబారు పలచనే, గోంగూర మాత్రం వంక పెట్టలేం.

మూతపడినవాటిలో ఒకటి మా ఇంటికి ఆనుకున్న గది. దానికి టులెట్ బోర్డు వేలాడుతుంటే మొన్న ఒక కుర్రాడు వచ్చి అద్దెంత, అడ్వాన్సెంత, రోడ్డు వైపు బోర్డు పెట్టనిస్తారా అని అన్నీ అడిగాడు. అడ్వాన్సు అప్పటికప్పుడే ఫోన్లో కొట్టేస్తానన్నాడు. ఇంటాయన ఊళ్లో లేడు, వివరాలు చెప్పింది నేనే. ఏం వ్యాపారం బాబూ అన్నాను.

“ఇంకా అనుకోలేదండీ. ముందు గది దొరకనివ్వండి.”