క్రియాంతమున పతనము

ఉద్యోగనిమిత్తము టోక్యో నగరమునకు వచ్చిన తెలుగువాడు, సాయంకాలములందు ఏమియు తోచక, దినపత్రిక చదువరాక, ఇరుగుపొరుగువారిని చూచి నవ్వుట తప్ప వేరొక సంభాషణము నెరుగక, కుక్కరు విజిలు కొరకు చెవి యొగ్గి కూర్చుండుటకన్న ఏదైన నొక విద్య నభ్యసించుట మేలని తలచుట సహజమే. కాని ఆ విద్య భాషయా వ్యాయామమా యని తేల్చుకొనలేక రెండింటిని ఒక్క ముహూర్తమున నారంభించుట మాత్రము గ్రహబలము లేనిదే జరుగదు. వారములో కొన్ని సాయంకాలములు జపాను భాషకును కొన్ని జూడోకును పంచి యిచ్చితిని. మొదటిదానిలో నోరు తిరుగదు. రెండవదానిలో తల తిరుగును.

ఫోనులో ఈ సంగతి చెప్పగా మా అమ్మ భాషను గురించి యేమియు అనలేదు. "చిన్నప్పుడు పడితే దెబ్బ తగుల్తుందని నిన్ను పిట్టగోడ కూడా ఎక్కనివ్వలేదు గదరా! ఇప్పుడు ఎదురు డబ్బిచ్చి మరీ పడుతున్నావా?" అని మాత్రము అడిగినది. ఆమె యన్నది అక్షరసత్యము. జూడోలో క్రొత్తగా చేరినవానికి ఎదుటివానిని పడవేయు విధము గాక, తాను పడు విధమును ముందుగా నేర్పుదురు. గడ్డమును రొమ్మునకు దించి, చూపు బెల్టు ముడిమీద నిలిపి, వెల్లకిల పడుచు, వీపు తాకునంతలో రెండు చేతులతోను చాపను ఛెళ్లున చరచవలెను. ఆ చరపుతో దెబ్బ అదురు చేతులగుండ పోయి తల దక్కును. నేను చరచిన చప్పుడునకు ప్రక్క చాపలమీది పిల్లలు వచ్చి చూచి పోయెడివారు.

ఈ విద్యకు మూలపురుషుడు కానో జిగోరో. 1882లో టోక్యోలోని ఎయిషోజి యను బౌద్ధాలయమున, పండ్రెండు చాపలు పట్టు గదిలో, కోదోకాన్ అను జూడోశాలను స్థాపించిన ఈ మహానుభావుడు వృత్తిచేత ఉపాధ్యాయుడు. పూర్వపు జుజుత్సు పట్లలో ప్రాణము తీయువానిని తొలగించి, మిగిలినవానిని పాఠ్యక్రమముగా దిద్దెను. యుద్ధవిద్యను బడిపంతులు చేతికిచ్చినచో ఏమగునో తెలియగోరువారు జూడోశాలకు పోయి చూడవలెను: తరగతులు, పరీక్షలు, హాజరు, రాకకొక నమస్కారము, పోకకొక నమస్కారము. రవీంద్రనాథ ఠాకూరు 1929లో తకగాకి షింజో యను జూడో గురువును శాంతినికేతనమునకు రప్పించెనని తెలిసిన పిమ్మట, మహాకవి మెచ్చినదానిని నేను తూలనాడుట తగదని ఊరకుంటిని.

భాష సంగతి. జపాను అక్షరముల పట్టిక 'అ ఇ ఉ ఎ ఒ' అని మొదలై 'క స త న హ మ య ర వ' అని నడచుట చూచి, పరదేశపు సంతలో పినతండ్రి కనబడినట్లు పొంగిపోతిని. బౌద్ధభిక్షువుల సంస్కృతాభ్యాసమువలన వారికి సంక్రమించిన మన వర్ణక్రమమే యది. ఆ పొంగు చీనా అక్షరములు ఎదురగువరకే నిలిచినది. 2010లో ప్రకటించిన నిత్యవ్యవహారపు పట్టికలో అట్టివి 2136 కలవు. వానిలో 1026 ప్రాథమిక పాఠశాలలోనే ముగియునట. కనుకనే నారింజరంగు బెల్టు ధరించిన మా జూడోశాల బాలుడొకడు, పదేండ్లవాడు, గోడమీది ప్రకటనలను నాకు చదివి వినిపించి, అటుపిమ్మట నన్ను పడవేయుచుండెను. మీసములేని గురువులు దొరకుట పూర్వజన్మ సుకృతము.

ఒక్క విషయమున మాత్రము తెలుగువానికి ఆ భాష అనుకూలము. కర్త ముందు, కర్మ నడుమ, క్రియ చివర. విభక్తులు నామమునకు వెనుక. తెలుగు వాక్యమును ఉన్నదున్నట్లు నిలిపి మాటకు మాట మార్చినచో చాలవరకు జపాను వాక్యమే యగును. ఇంగ్లండునుండి వచ్చిన సహాధ్యాయి వాక్యమును తలక్రిందులు చేసికొనుచు చెమటలు కార్చునప్పుడు నేను మీసము దువ్వుచు కూర్చుండెడివాడను. ఈ సౌలభ్యమే జూడోశాలలో నా వీపునకు చేటు తెచ్చినది. ఏలయన, మన భాషయందువలెనే అందును నిషేధము వాక్యాంతమున గాని వెలువడదు. గురువుగారు బోధించుచున్నారు: "కుడికాలు ముందునకు చాచి, నడుము వంచి, తల దించి, ఎదుటివానిమీద బరువు మోపి..." వారి పలుకు నెమ్మది, నా భక్తి వేగిరము. అసమాపకక్రియ ఒక్కొక్కటి వెలువడినకొలది దానిని దేహమున అమలు జరుపుచుంటిని. "...నిలువరాదు" అని వాక్యము ముగియుసరికి, ఏల నిలువరాదో నా ఎదుటివాడు సోదాహరణముగ నిరూపించి యుండెను. తెలుగు వ్యాసములు చదివి పెరిగినవానికి క్రియాపదము వచ్చువరకు వేచియుండు సహనము ఉండవలసినదే. కాని చదువరిని మధ్యలో ఎవరును కాలు తన్నరు గదా.

మా శాలలో డెబ్బదియేండ్లు దాటిన తాతగారొకరు కలరు. తపాలాశాఖలో పనిచేసి విరమించినవారు. నడుము వంచి నమస్కరించి, ఈ చలికి నా ఆరోగ్యమెట్లున్నదనియు, దేశమున తల్లిగారు క్షేమమా యనియు విచారింతురు. నా చొక్కాచేతిని మెల్లగ పట్టుకొందురు. బలము చూపిన జాడయే లేదు. నా పాదము ముందునకు పడి, బరువు దానిమీదికి దిగుచు ఇంకను పూర్తిగా దిగని ఆ క్షణమున, తమ అరికాలితో నా చీలమండను ఇట్లు తుడిచినట్లు త్రోయుదురు. త్రోపు తగిలినట్లే యుండదు. పైకప్పు దీపములు మాత్రము కనబడును. దీనిని దె-అషి-బరాయి అందురు. పడినవానికి అవమానమైన తోచనీయని ఇంత మర్యాదగల ఎత్తును నేనింకొకదానిని ఎరుగను.

మర్యాద యన్నది ఆ భాషలో క్రియయందే యిమిడియుండును. తాతగారు తిన్నచో ఒక క్రియ, నేను తిన్నచో వేరొకటి. ఎదుటివానిని ఎత్తునది ఒక తెగ, తన్ను దించుకొనునది మరియొక తెగ. మనలోను "నేను విచ్చేసితిని" అనువాడు తగులుచుండును, వానిని చూచి నవ్వి విడుతుము. జపానువారు నవ్వరు, అదియే బాధ. నా భాషాశిక్షకురాలు పలకమీద బాణపుగుర్తులు ఎన్ని గీచినను, ఎవరు పైన ఎవరు క్రింద యను సంగతి నా తలకెక్కలేదు.

దానిని తాతగారు కెసా-గతామె పట్టుతో తేల్చివేసిరి. నా ప్రక్క చతికిలబడి, మెడచుట్టు చేయి పోనిచ్చి, నా కుడిచేతిని చంకలో నదిమి, తమ బరువంతయు నా రొమ్ముపై నుంచిరి. ఇక వారు పైన, నేను క్రింద. గౌరవక్రియ ఎవరికి, నమ్రక్రియ ఎవరికి యను సందేహమునకు ఇసుమంతయు తావు లేదు. పోటీలలో ఇట్లు 20 సెకనులు పట్టినచో గెలుపు. వారి పాఠమునకు అట్టి గడువు కనబడలేదు. చాపను తట్టినచో తక్షణమే విడుతురు. కాని తట్టుటకు ముందు తాము భోజనము చేసితిరా యని నేనొక్కమారు అడిగినచో వినవలెనని వారికి కుతూహలము. ఉన్న ఊపిరితో తగిన క్రియ నేరి అడిగితిని. మధ్యాహ్నము సోబా తింటిమని సెలవిచ్చి, మరి మీరో యనిరి. నన్ను నేను ఎంత దించుకొనవలెనో అంతయు దించుకొని, కూరన్నము తింటినని విన్నవించితిని.

తాతగారు పట్టు సడలించి, లేచి, బెల్టు సవరించుకొని, నమస్కరించి, "చక్కగ వచ్చినది. వచ్చు వారము ప్రేరణార్థకములు చూతము," అనిరి. ఒక్క క్షణము నా మెడవంక పరిశీలనగా చూచి, "వానికి గొంతు పట్టు కావలసియుండును," అనిరి.