బాప్తిస్మం మీద సర్కారుకున్న విశ్వాసం

ఈ దేశంలో బాప్తిస్మం మహిమను త్రికరణశుద్ధిగా నమ్మినవాడు ఒక్కడే. పాస్టరు కాదు, బిషప్పు కాదు. కులం సర్టిఫికెట్ ఇచ్చే తహశీల్దారు. మాలపల్లెలోనో మాదిగవాడలోనో పుట్టిన కుర్రాడు ఏసును నమ్ముకుని నడుంలోతు నీళ్ళలో మునిగి లేచాడంటే చాలు, వాడి కులం ఆ నీళ్ళలోనే కొట్టుకుపోయిందని ఆయన ఘనంగా నమ్ముతాడు. మునిగింది ఎస్సీ, తేలింది బీసీ-సి. బుద్ధుడి నుంచి వేమన దాకా ఎవరూ కదిలించలేని కులం ఒక్క మునకతో మాయం!

ఈ విశ్వాసానికి వేదవాక్యం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, మూడో పేరా. హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్థుడు కాడని అందులో రాశారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. అమృతం పుచ్చుకున్నా, బుద్ధం శరణం అన్నా పోని కులం ఏసు పేరెత్తగానే పోతుందన్నమాట. మన అయ్యగార్లు స్వస్థత కూటాల్లో గొంతు పోయేలా అరిచినా ప్రభువుకు ఇంత శక్తి ఉందని జనాన్ని నమ్మించలేకపోయారు. కేంద్ర ప్రభుత్వం ఒక్క పేరాలో తేల్చేసింది.

అంతకన్నా పెద్ద అద్భుతం మరొకటుంది. అదే కుర్రాడు పాత మతంలోకి తిరిగొస్తే కులం కూడా వెంట వస్తుంది. పూర్వీకులది ఆ కులమేనని, తాను నిజంగానే తిరిగొచ్చానని, కులపోళ్ళు తనను కలుపుకున్నారని రుజువు చేసుకోవాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. మరి పోయిందన్న కులం అన్నాళ్ళూ ఎక్కడున్నట్టు? తాలూకాఫీసు బీరువాలోనా?

చిక్కల్లా ఒకటే. కులం కొట్టుకుపోయిన సంగతి ఊళ్ళోవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. 1985లో కారంచేడు మాదిగల మీద గొడ్డళ్ళతో పడ్డవాళ్ళు, ఎవరు బాప్తిస్మం తీసుకున్నారు, ఎవరు తీసుకోలేదని వాకబు చేసి నరకలేదు. బతికి బయటపడ్డవాళ్ళు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. నలభై ఏళ్ళ తర్వాత, 2025లో, కులం పేరుతో దూషించి దాడి చేశారని ఒక పాస్టరు పెట్టిన కేసును ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. క్రైస్తవంలోకి వెళ్ళినవాడికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదంది. చట్టం దృష్టిలో పోయిన కులం, తిట్టేవాడి నోట్లో మాత్రం పదిలంగా ఉంటుంది.

అందుకే మన పల్లెల్లో మనిషికి రెండు పేర్లు. స్కూలు రికార్డులో వెంకటేశ్వర్లు, చర్చి రిజిస్టరులో ఏసురత్నం. పిల్ల చదువుకి, పిల్లాడి ఉద్యోగానికి మొదటి పేరు. చావుకి, పెళ్ళికి రెండోది. అబద్ధమాడక తప్పని కాగితం తయారుచేసింది ప్రభుత్వం. ఆడినవాడిని వేలెత్తి చూపేదీ ప్రభుత్వమే. చర్చికి వెళుతూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగానికి మోసమని 2024లో సుప్రీంకోర్టు కూడా తీర్పిచ్చింది. మోసం సరే. ఆ మోసం చేస్తే తప్ప కూతుర్ని కాలేజీలో చేర్చలేని తండ్రికి ఏ ధర్మాసనం దగ్గరైనా జవాబుందా?

ఇక అసలు ప్రశ్నకొద్దాం. వాడు ఎందుకు మారాడు? దేశభక్తులందరికీ జవాబు నోటి చివరే ఉంటుంది. బియ్యానికి మారాడు, పాలపిండికి మారాడు, గోధుమనూకకు మారాడు. అయ్యా, ఒక్కసారి ఒంగోలు దాకా రండి. 1876-78 నాటి కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. కరువు సాయం నడిచిన ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కూటికోసం వచ్చారన్న మాట పడకూడదని. కాలువ పని ముగిశాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. కూడు పెట్టినప్పుడు కాదు, పెట్టడం అయ్యాక. ఈ లెక్క ఏ వాట్సాప్ గ్రూపులోనూ తిరగదు.

అంతకు చాలా ముందే, 1833లో, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌధరి బాప్తిస్మం పుచ్చుకున్నాడు. ఆయన కీర్తనలు నేటికీ తెలుగు చర్చిల్లో పాడతారు. ఆయనకు ఎన్ని శేర్ల బియ్యం ముట్టాయని ఎవరైనా అడిగారా? అడగరు. పై కులంవాడు మారితే సత్యాన్వేషణ, కింది కులంవాడు మారితే బియ్యం బస్తా. వాడికి ఆత్మ ఉంటుందన్న అనుమానమే ఎవరికీ రాదు.

ఉత్తరప్రదేశ్ వాళ్ళు ఇంకా ముందుకెళ్ళారు. 2021 చట్టం ప్రకారం మారదలచినవాడు 60 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేట్‌కు చెప్పుకోవాలి. మార్పు వెనక అసలు ఉద్దేశం ఏమిటో పోలీసులు విచారిస్తారు. పర్సు పోయిందంటే ఎఫ్ఐఆర్ రాయడానికి తిప్పించుకునే స్టేషన్‌లో ఎస్సైగారు పరిశుద్ధాత్మ కదలికల మీద రిపోర్టు రాస్తారన్నమాట. వెనక్కి, పాత మతంలోకే వస్తే మాత్రం ఏ విచారణా లేదు. అది మార్పిడి కిందికే రాదని అదే చట్టం చెబుతుంది. ఉద్దేశాలన్నీ వెళ్ళే దారిలోనే ఉంటాయి కాబోలు.

చర్చి ఏమన్నా తక్కువ తిన్నదా? ఆదివారం బల్ల దగ్గర అందరూ సహోదరులే. సోమవారం సంబంధాలు వెతికేటప్పుడు రెడ్డి కథోలికులకు రెడ్డి కథోలికులే కావాలి, కమ్మ క్రైస్తవులకు కమ్మ క్రైస్తవులే. మనదేశంలో 1953 నుంచి కార్డినళ్ళున్నారు. తొలి దళిత కార్డినల్, హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోని, 2022లో అయ్యారు. పరలోకరాజ్యం సమీపించిందని చెప్పే సంస్థకు తన వాడ దాకా రావడానికి అరవై తొమ్మిదేళ్ళు పట్టింది.

దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇమ్మని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023లో తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. మధ్యలో 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసి, మళ్ళీ మొదటి నుంచి పరిశీలించమంది. పరిశీలించడానికి ఏముందండీ? కులం నీళ్ళలో కరుగుతుందో లేదో తెలియాలంటే కమిషన్ అక్కర్లేదు, ఏ పల్లెలోనైనా ఒక పూట కూర్చుంటే చాలు. ఆ మూడో పేరా కొట్టేయండి.