వాక్యం ఎవరికీ తగలకుండా ప్రసంగించే విధానం

(పాలమూరు, నల్లగొండ సంఘాలకు కొత్తగా వచ్చిన అయ్యగార్ల కోసం)

అయ్యగారూ, మీకు ఇటువైపు సంఘం దొరికిందని తెలిసి సంతోషించాను, కొంచెం భయపడ్డాను కూడా. కోనసీమలో ప్రసంగం చేసినంత తేలిక కాదిక్కడ. అక్కడ ఎండిన భూమి అంటే ఉపమానం, ఇక్కడ సర్వే నంబరు. బైబిల్లోని రాళ్లు, ముళ్లకంపలు, అడుగంటిన బావులు, గొర్ల మందలు, ఊరు విడిచే కుటుంబాలు అన్నీ చర్చి గుమ్మం దిగగానే కనిపిస్తాయి. నోరు కాస్త అదుపు తప్పితే చాలు, వాక్యం పోయి చాప మీద కూర్చున్నవాళ్లకు తగులుతుంది. తగిలితే ఆలోచిస్తారు, ఆలోచిస్తే అడుగుతారు. ఇరవై ఏళ్లుగా ఒక్క ప్రశ్న రాకుండా నెట్టుకొచ్చినవాణ్ని కాబట్టి ఏడు చిట్కాలు చెబుతాను, రాసుకోండి.

ముందు శత్రువెవరో తెలియాలి. సాతాను సంగతి తర్వాత చూద్దాం, అసలు శత్రువు ఏ ఆదివారం ఏ పాఠం చదవాలో నిర్ణయించే పఠనాల పట్టిక. కాథలిక్కులు 1969 ఆగమనకాలం నుంచి మూడేళ్ల పట్టిక వాడుతున్నారు. ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా. యోహాను పండుగలప్పుడూ ఉపవాస దినాల్లోనూ మధ్యమధ్య వస్తాడు. ప్రొటెస్టెంట్ల ఉమ్మడి పట్టిక 1992లో దాదాపు అదే దారిలో వచ్చింది. సి.ఎస్.ఐ. వాళ్లకు ఆదివారం ఆదివారానికి అంశం, పాఠాలు ముందే అచ్చువేసిన అల్మనాక్ ఉంటుంది. పాలమూరు మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాల్లో, నల్లగొండ బాప్టిస్టు సంఘాల్లో చాలాచోట్ల అయ్యగారు ఏ పేజీ తెరిస్తే అదే ఆ వారం పాఠం. అలాంటి అయ్యగారు అదృష్టవంతుడు, నచ్చిన నాలుగు అధ్యాయాల మీద నలభై ఏళ్లు బతకొచ్చు. పట్టిక ఉన్నవాళ్లకే ఈ తిప్పలన్నీ.

చిట్కా 1: ఆగమనకాలాన్ని కేకుతో కప్పండి

ఆగమనకాలం నాలుగు ఆదివారాలు. పట్టిక ప్రకారం అవి ఎదురుచూసే రోజులు. డిసెంబరు ఒకటి నుంచే సెమీ క్రిస్మస్‌లు మొదలుపెడితే ఇక ఎదురుచూడటానికి ఏమీ మిగలదు. ముఖ్య అతిథిగా ఎమ్మెల్యేగారిని పిలవండి, శాలువా మరవొద్దు. ఉమ్మడి పట్టికలో లూకా ఏట నాలుగో ఆదివారం మరియమ్మ పాట వస్తుంది. దాన్ని మొదటి రెండు వచనాలతోనే ఆపి ఆమెన్ అనిపించండి. కింద ఏముందంటే, గద్దెల మీదివాళ్లను దించడం, ఆకలిగొన్నవాళ్ల కడుపు నింపడం, ఉన్నవాళ్లను వట్టిచేతులతో పంపడం. వేదిక మీది కుర్చీలకు అది నప్పదు. పైగా నల్లగొండ 1940ల్లో వెట్టి మీద తిరగబడి దొరల గడీలను వణికించిన జిల్లా. ఆ రోజుల్లో ఇక్కడ సంఘం అంటే చర్చి కాదు, తిరగబడ్డ జనం కట్టిన జట్టు. ఆ ముచ్చట్లు విని పెరిగిన తాతలు మరియమ్మ కూడా సంఘంలో చేరిందనుకుంటే మీకే ఇబ్బంది.

చిట్కా 2: యోసేపును వడ్రంగిగానే ఉంచండి

మత్తయి ఏట క్రిస్మస్ వెళ్లిన ఆదివారం ఒక కుటుంబం రాత్రికి రాత్రి పసిగుడ్డునెత్తుకుని ఐగుప్తుకు పోతుంది. మహబూబ్‌నగర్, నారాయణపేట, మక్తల్ వైపు ఈ పాఠం ముట్టుకోవద్దు. ముంబై బస్సెక్కినవాళ్లు, గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణె పోయినవాళ్లు, పిల్లను అవ్వ దగ్గర వదిలిపెట్టినవాళ్లు మీ సంఘంలోనే ఉంటారు. పాలమూరు లేబర్ చెమట ఏయే రాష్ట్రాల ఆనకట్టల్లో, కాలువల్లో ఇంకిందో వాళ్లకు తెలుసు. యేసు కూడా వలసపోయిన ఇంటి పిల్లగాడేనని తట్టిందా, ఇంటికి పోయి ముంబైకి ఫోన్ చేసి ఆ మాట చెబుతారు.

దానికి బదులు కొత్త సంవత్సరం వాగ్దాన కార్డులు పంచండి. యిర్మీయా 29:11 ఎప్పుడూ అమ్ముడుపోయే సరుకు. మేలు చేసే ఆలోచనలే దేవునికి ఉన్నాయన్న మాట వరకే కార్డు మీద అచ్చేయించండి. దానికి ముందు వచనాల్లో ఆ మేలు డెబ్బై ఏళ్లకు గాని రాదని, ఆ మాట వింటున్నది బబులోనుకు తరిమివేయబడ్డ జనమని ఉంటుంది. అంతా వేయడానికి కార్డులో చోటెక్కడిది?

చిట్కా 3: నీళ్లను ఆత్మీయం చేయండి

2026లో ఉపవాస దినాల మూడో ఆదివారం మార్చి 8న, అంటే మహిళా దినోత్సవం రోజునే పడింది. ఆ రోజు పాఠం బావి దగ్గర సమరయ స్త్రీ. మూడేళ్లకోసారి ఇది వస్తూనే ఉంటుంది కాబట్టి ముందే సిద్ధపడండి. మునుగోడు, మర్రిగూడ, చండూరు దిక్కు బావి నీళ్లంటే ఏమిటో మీకు చెప్పాలా? ఫ్లోరైడ్ తాగి నడుం వంగినవాళ్లు, పళ్లు గారపట్టినవాళ్లు మీ ముందే కూర్చుంటారు. పటిక, సున్నం కలిపి ఆ విషాన్ని తీసే పద్ధతిని నాగపూర్ శాస్త్రవేత్తలు రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టారు. ఒక జిల్లా పేరు లోకానికి అలా తెలిసింది.

అందుకే మొదటి వాక్యంలోనే ప్రకటించేయండి, ఇక్కడ నీళ్లంటే నీళ్లు కాదని. మట్టి దారిలో నడిచి నడిచి అలసిపోయిన యేసు ముందుగా ఒక గ్లాసెడు నిజం నీళ్లే అడిగాడన్నది దాటేయండి. కడవ ఎవరు మోశారు, ఎంత దూరం మోశారు, ఆడమనిషి ఒంటరిగా మిట్టమధ్యాహ్నం ఎందుకొచ్చింది అనే ప్రశ్నలు రానివ్వొద్దు. ఆమెకు ఐదుగురు భర్తలన్న ఒక్క ముక్క పట్టుకుంటే నలభై నిమిషాలు సునాయాసంగా గడిచిపోతాయి.

మిషనరీ ఇంట పుట్టి, పాలమూరు జిల్లా కొండూరు మీద 1971లో పుస్తకం రాసిన మానవశాస్త్రజ్ఞుడు పాల్ హీబర్ట్ ఈ పద్ధతినే తప్పుపట్టాడు. పడమటి బోధకులు పైనున్న పరలోకం గురించి చెబుతారు, కిందున్న సైన్సు గురించి చెబుతారు, మధ్యలో మనిషిని పీడించే రోగం, గాలి, కరువు, కీడు అన్న అంతస్తునే మరిచిపోతారని 1982లో ఒక వ్యాసంలో రాశాడు. ఆ వ్యాసం మీ పుస్తకాల బీరువాలో ఉంటే వెనక వరసలోకి నెట్టేయండి.

చిట్కా 4: చచ్చినవాళ్ల పాపాలు లెక్కపెట్టండి

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్.ఎల్.బి.సి. (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. బతుకుదెరువుకు ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చినవాళ్లు. శ్రీశైలం నీళ్లను నల్లగొండకు, ఆ ఫ్లోరైడ్ ఊళ్లకే తేవడానికి తవ్వుతున్న సొరంగమది. నెల తర్వాత, మార్చి 23 ఆదివారం, పట్టికలో వచ్చిన సువార్త లూకా 13. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చారు, వాళ్లు మిగతావాళ్లకన్నా పాపాత్ములా అని యేసు తానే అడుగుతాడు. కాదని తానే చెబుతాడు.

ఆ ప్రమాదాన్ని చూసి ఆ పాఠాన్ని ఏ కమిటీ ఎంపిక చేయలేదు. మూడేళ్ల చక్రం తిరుగుతూ తిరుగుతూ అక్కడికొచ్చి ఆగింది. ఇలాంటప్పుడు అనుభవమున్న బోధకుడు చేసే పని, ప్రమాదాలు దేవుని కోపమని గట్టిగా చెప్పి, యేసు కాదన్న మాటనే అవునని తిప్పడం. అది కుదరకపోతే అదే పాఠం చివర్లో అంజూరపు చెట్టుంది. మూడేళ్లు కాయని చెట్టును నరకమంటాడు యజమాని. ఈ ఒక్క ఏడు ఆగు దొరా, చుట్టూ తవ్వి పెంట వేస్తానంటాడు తోటమాలి. మీరు గొడ్డలి దాకా చెప్పి ఆపండి. పెంట వేసేవాడి గురించి చెబితే జనం దేవుణ్ని యజమానిలో కాక తోటమాలిలో వెతకడం మొదలుపెడతారు.

చిట్కా 5: ఏడు మాటలకు ఏడుగురు, ఏడు గంటలు

శుభశుక్రవారం ఆరాధన పేరుకు పన్నెండు నుంచి మూడు దాకా. ఏడు మాటలు, ఏడుగురు బోధకులు. మొదటి మాట పెద్దాయనకివ్వాలి. ఆయన ఆదాము దగ్గర మొదలుపెట్టి నోవహు ఓడ దాకా వచ్చేసరికి గంట గడుస్తుంది. రెండో మాట పక్క సంఘం అయ్యగారికి, మూడోది చందా ఎక్కువ ఇచ్చిన పెద్దకు. ఐదో మాట, అదే దాహం మాట, అందరికన్నా చిన్నవాడికిచ్చి మూడు నిమిషాల్లో ముగించమనండి. ఏప్రిల్ ఎండ, రేకుల కప్పు, ముసలమ్మలు పొద్దుటి నుంచి ఉపవాసం. అప్పటికి ఆ మాట అర్థం కానివాళ్లు చర్చిలో ఇద్దరే ఉంటారు, ఫ్యాను కిందున్న మొదటి ఇద్దరు బోధకులు.

చిట్కా 6: పెంతెకోస్తుకు మబ్బుల వంక చూడొద్దు

2025లో పెంతెకోస్తు జూన్ 8న, మిరుగం (మృగశిర కార్తె) నాడే వచ్చింది. గాలి, మెరుపు, మొదటి వాన కోసం ఊరంతా ఆకాశం చూసే రోజు. అపొస్తలుల మీదికి వచ్చిన గాలిని మాత్రం మైకులో నోటితో ఊది చూపించండి. నారాయణపేటలో అయితే తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ ఒకే సందులో వినబడతాయి కదా, నానా భాషల అద్భుతాన్ని అక్కడి సంతతో పోల్చవచ్చు కదా అని ఎవరైనా అంటే, అద్భుతాన్ని అంత చవక చేయొద్దని గద్దించండి.

చిట్కా 7: రైతుకు వ్యవసాయం, కూలీకి కూలి నేర్పండి

మత్తయి ఏట విత్తువాడి ఉపమానం జులైలో, అంటే చెల్కల్లో విత్తనం పడ్డాక వస్తుంది. ముందు వరసలోని రైతు రెండుసార్లు పత్తి విత్తనం పెట్టి, వాన పడక మూడోసారి అప్పు తెచ్చి ఉంటాడు. అతనికి రాతినేల అంటే ఏమిటో వివరంగా బోధించండి. మూడు చోట్ల పడ్డ గింజలు పోయినా విత్తేవాడు చల్లడం ఆపలేదన్న చోట మాత్రం ఆగొద్దు. అక్కడ ఆగితే ఆ ఉపమానాన్ని మీకన్నా అతనే బాగా చెప్పగలడని అందరికీ తెలిసిపోతుంది.

సెప్టెంబరులో ద్రాక్షతోట కూలీలు వస్తారు. పొద్దంతా అడ్డా మీద నిలబడినా ఎవరూ పిలవనివాళ్లకు సాయంత్రం గంట పనికే పూర్తి కూలి దొరికిన కథ. క్లాక్ టవర్ అడ్డా దగ్గర పొద్దున పదకొండయ్యాక ఖాళీ టిఫిన్‌తో ఇంటికి తిరిగే మనిషికి ఈ కథలో వివరణ అక్కర్లేదు. కాబట్టి వివరించండి.

ఆఖరి హెచ్చరిక

పై చిట్కాలన్నీ పాటించినా ఒక ప్రమాదం మిగులుతుంది, అది మీ ప్రసంగానికి ముందు జరిగే పఠనం. దాన్ని గబగబా చదివేవాడికే అప్పగించండి, వీలైతే మైకు కీచుమనే వైపు నిలబెట్టండి. ఒకసారి నేను ఏమరుపాటుగా, వలసపోయి తిరిగొచ్చిన ఒక అక్కకు ఇచ్చాను. ఆమెది ఐదో తరగతి చదువు. వేలు పెట్టుకుని ఒక్కో మాట కూడబలుక్కుంటూ, దిగుడు మెట్లు దిగినంత నెమ్మదిగా, బావి దగ్గరి పాఠం చదివింది. దాహానికిమ్మన్న మాట దగ్గర తల ఎత్తి మమ్మల్నందరినీ చూసి, మళ్లీ చదివింది. అయిపోయాక బైబిల్ మూసి, వెనక వరసలో ఉన్న వాళ్లమ్మ పక్కన పోయి కూర్చుంది.

చర్చిలో ఎవరూ దగ్గలేదు. నా చేతిలో ఎనిమిది పేజీల ప్రసంగం ఉంది. అలాంటి మౌనం పడితే వెంటనే కీర్తన ఎత్తుకోవాలి అయ్యగారూ. నాకా రోజు నంబరు గుర్తుకు రాలేదు.