గైజినయ్యకు విన్నపం: టీకా తాత్పర్య సహితం

మూలము:

మంచు కొండ లెక్కు మా ప్రచండుడు రుద్రు
డాటలోన లేమి యదియె కొఱత;
వేఱు శాఖ నిచ్చి వెలయ హెలీనతో
గగనవీథి దింపు గైజినయ్య!

అవతారిక: వార్ థండర్ అనే ఆటను బుడాపెస్టు కేంద్రంగా ఉన్న గైజిన్ ఎంటర్‌టైన్‌మెంట్ నడుపుతోంది. ట్యాంకులు, విమానాలు, ఓడలు, 2018 నుంచి హెలికాప్టర్లు, వీటన్నిటినీ దేశాలవారీగా శాఖలు కట్టి ఆటగాళ్ల చేతికిచ్చి పోరు పెట్టడం దాని పని. ఆడేవారిలో కొందరికి ఆడడంతో తృప్తి తీరదు. తమ దేశపు వాహనం అందులో లేదే అన్న దిగులు పట్టుకుంటుంది. పొడవు, బరువు, ఇంజను బలం, ఆయుధాలు, ఫొటోలు అన్నీ కూర్చి ఆట యజమానికి ఒక ప్రతిపాదన రాసుకుంటారు. పూర్వం రాజుకు అర్జీ పెట్టుకున్న కవి చేసిన పనే ఇది, కాకపోతే ఇందులో మిల్లీమీటర్లు ఎక్కువ. భారత హెలికాప్టర్ల కోసం రాసే ప్రతిపాదనలన్నిటి సారాంశాన్ని ఈ టీకాకారుడే పై ఆటవెలదిలో ఇమిడ్చాడు. కవీ వ్యాఖ్యాతా ఒకరే అయినచోట మెచ్చుకోళ్లకు కరువుండదు. అయినా ఇక్కడ వ్యాఖ్యాతకు కవితో ఒక మాట దగ్గర తగువుంది, ఆ తగువు కోసమే ఈ టీక. మెదక్ దగ్గరి కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని నియమం పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్యలు రాశాడు. యుద్ధక్రీడకు హెలికాప్టర్‌ను ప్రతిపాదించేవాడికి అంతకు మించిన నియమం లేదన్నది ఇక్కడ నిరూపించదలచిన విషయం.

ప్రతిపదార్థము: మంచు కొండలు = సియాచిన్, లద్దాఖ్ మొదలైనవి; ఎక్కు = బరువుతో సహా ఎక్కి దిగగల; మా = ఈ మాట మీద పెద్ద వివాదముంది, ముందు వస్తుంది; ప్రచండుడు = బెంగళూరు హెచ్‌ఏఎల్ వారు చేసిన తేలికపాటి పోరాట హెలికాప్టర్ ప్రచండ్; రుద్రుడు = అదే సంస్థవారి ధ్రువ్ హెలికాప్టర్‌కు ఆయుధాలు తొడిగిన రూపం; ఆటలోన లేమి = తమదంటూ ఒక శాఖలో లేకపోవడం; హెలీన = నాగ్ క్షిపణిని హెలికాప్టర్ నుంచి వదలడానికి మలచిన రూపం, ట్యాంకులకు మృత్యువు; గగనవీథి దింపు = ఆకాశంలోకి ఎక్కించాలి గాని దింపడమేమిటని ఆక్షేపించరాదు, ఆటలోకి కొత్త వాహనం వస్తే దింపారనే అంటారు; గైజినయ్య = ఓ ఆట యజమానీ. అయ్య అని చేర్చడం పని కావలసినవాడి మర్యాద.

ఇక విశేషాలు. మంచు కొండలెక్కడం అతిశయోక్తి అని, ఏ దేశపు ఆటగాడైనా తన యంత్రాన్ని ఇలాగే పొగుడుకుంటాడని కొందరు అంటారు. కాదు, ఇది స్వభావోక్తి. 1968లో భారత సైన్యం హిమాలయాలకు పనికొచ్చే హెలికాప్టర్ కావాలని అడిగినందువల్లే ఫ్రాన్సులో అల్యూఎట్ 2 చట్రానికి అల్యూఎట్ 3 ఇంజను, రోటర్ అమర్చి లామాను తయారుచేశారు. 1972 జూన్ 21న జాఁ బూలే ఆ లామాను 12,442 మీటర్ల ఎత్తుకు ఎక్కించి ప్రపంచ రికార్డు పెట్టాడు. అదే యంత్రం హెచ్‌ఏఎల్ చేతిలో చీతా అయి సియాచిన్ శిబిరాలకు ప్రాణాధారమైంది. కొండల్లో దాడిచేసే హెలికాప్టర్ మాత్రం అప్పటికి లేదు. 1999లో కార్గిల్ శిఖరాల ఎత్తున మి-35లు పనికిరాక, మనుషుల్నీ సరుకునీ మోసే మి-17లకు రాకెట్లు కట్టి పంపారు. మే 28న తోలోలింగ్ దగ్గర ఒక మి-17ను స్టింగర్ క్షిపణి కూల్చింది, అందులోని నలుగురూ మరణించారు. ఆ తర్వాత మి-17లను దాడి పని నుంచి తప్పించారు. ఆ లోటులోంచి పుట్టింది ప్రచండ్. 2010 మార్చి 29న తొలిసారి ఎగిరింది, 2015లో సియాచిన్ హెలిప్యాడ్లమీద దిగింది, 2022 అక్టోబరు 3న జోధ్‌పూర్‌లో వాయుసేనలో చేరింది. వాయుసేనకు 66, సైన్యానికి 90, మొత్తం 156 ప్రచండ్‌ల కోసం 2025 మార్చిలో రక్షణ శాఖ ఒప్పందం కుదుర్చుకుంది. కాబట్టి పద్యంలోని మొదటి విశేషణం కవి అలంకారం కోసం వేసింది కాదు, ఆ యంత్రం పుట్టడానికి కారణం చెబుతోంది.

పూర్వపక్షి ఇక్కడ గట్టిగానే అడ్డుపడతాడు. ఆటలో సియాచిన్ లేదు. ఉన్న మైదానాల్లో ఎత్తుకు లేచిన హెలికాప్టర్‌ను నేలమీది రాడార్ చూస్తుంది, మరుక్షణం క్షిపణి వస్తుంది. చెట్టుచాటున, గుట్టచాటున పొంచి ఉండేదే బతుకుతుంది. అలాంటప్పుడు ఆరు వేల మీటర్ల గొప్ప ఎవరికి కావాలి? ఇందులో సగం నిజం. సముద్రమట్టం నుంచి కొలిచే ఎత్తు వేరు, కింది నేల నుంచి కొలిచే ఎత్తు వేరు. ప్రచండ్ గొప్పతనం మొదటిది. ఆటలో ప్రాణం తీసేది రెండోది. ఆ మాటకొస్తే తోలోలింగ్ దగ్గర తీసిందీ రెండోదే. కానీ పలచటి గాలిలో బరువు మోయడానికి తగిన ఇంజన్లు చిక్కటి గాలిలోకి వస్తే వాటి బలం మిగిలిపోతుంది. ప్రచండ్ 5.8 టన్నుల తరగతిది, దానికి సుమారు 1,000 కిలోవాట్ల ‘శక్తి’ అనే ఇంజన్లు రెండు. మైదానంలో ఆ మిగులు బలం గుట్టచాటు నుంచి చటుక్కున లేవడానికి, కాల్చి చటుక్కున దిగడానికి అక్కరకొస్తుంది. ఇద్దరు సిబ్బందిని పక్కపక్కన గాక ముందూ వెనకా కూర్చోబెట్టిన సన్నని ఒళ్లు కాబట్టి ఎదురుగా చూసేవాడికి గురి చిన్నది. ఆట గణితంలో కొండ కనిపించకపోయినా కొండ కోసం పడిన శ్రమ కనిపిస్తుంది. ప్రతిపాదకుడు రాయవలసింది ఇది. అత్యున్నత ఎగురు ఎత్తును పెద్ద అక్షరాల్లో వేసి ఊరుకుంటే ఆట తెలిసినవాడు నవ్వుతాడు.

‘మా’ అన్న మాట దగ్గర పూర్వపక్షికి మళ్లీ ఊపు వస్తుంది. శక్తి ఇంజను ఫ్రాన్సు టర్బోమెకాతో కలిసి చేసింది. ధ్రువ్ రోటర్ వెనక జర్మనీ ఎంబీబీ సాయముంది. ముక్కు కింది 20 మి.మీ. తుపాకీ ఫ్రాన్సుది, మిస్త్రల్ క్షిపణి ఫ్రాన్సుది, ఇక మీది ఏముంది, పేరు తప్ప? ఈ లెక్కన చూస్తే ఏ శాఖా మిగలదు. టైగర్ హెలికాప్టర్ ఫ్రాన్సు, జర్మనీల ఉమ్మడి సొత్తు, ఆట దాన్ని ఇద్దరికీ ఇచ్చింది. అమెరికా శాఖకు మకుటం అపాచీ, దాని ఫ్యూజిలాజ్‌లు 2018 నుంచి హైదరాబాదు శివారు ఆదిబట్లలో టాటా-బోయింగ్ కర్మాగారంలో తయారవుతున్నాయి, అంతమాత్రాన దాన్ని తెలంగాణ శాఖలో పెట్టమని ఎవరూ అడగలేదు (అడిగితే వినసొంపుగానే ఉంటుంది). పైన చెప్పిన లామా కథలో ఫ్రెంచి యంత్రానికి మూలకారణం భారతీయుల కోరిక. గోత్రం అడిగితే రెండువైపులా చిక్కే. ఆట అడిగేది గోత్రం కాదు, ఏ సైన్యం ఏ రూపంలో వాడింది అని. ఆ రూపం మరెవరి దగ్గరా లేనిదైతే ‘మా’ అనవచ్చు. రుద్ర, ప్రచండ్ ఈ పరీక్షలో నెగ్గుతాయి. చీతాకు 12.7 మి.మీ. తుపాకులు, 70 మి.మీ. రాకెట్లు కట్టిన లాన్సర్ కూడా నెగ్గుతుంది. పద్యంలో గణాలు చాలక కవి దాన్ని వదిలేశాడు గాని, శాఖలో కింది మెట్టుకు అంతకన్నా తగినది లేదు.

అదే పరీక్షలో వాయుసేన అపాచీలు, మి-35లు నెగ్గవు. అవి ఎంత మంచివైనా ఆటలో అమెరికా, సోవియట్ శాఖల్లో వాటి బంధువులు ఎప్పటినుంచో ఎగురుతున్నాయి. రంగు మార్చి మళ్లీ ఇస్తే ఆటగాడికి దక్కేది కొత్త రంగు. అయినా ప్రతిపాదనల్లో ఎక్కువ పుటలు తినేది అపాచీయే, ఎందుకంటే దాని బలం అందరికీ తెలుసు, గెలుపు ఖాయం. ‘వేఱు శాఖ’ అన్న కోరికను బలహీనపరిచేది ఈ ఆశే. శాఖ నిండా పక్కింటి యంత్రాలే ఉంటే వేరే శాఖ ఎందుకు, ఉన్న కొమ్మకే అంటు కట్టవచ్చు కదా అని యజమాని అంటాడు. అన్నాడు కూడా: మన టి-90 భీష్మ ట్యాంకు ఆటలో బ్రిటన్ శాఖలో చేరింది. కురువృద్ధుడు బ్రిటిషువారి కొలువులో నిలబడడం చూసి నొచ్చుకున్నవారున్నారు. నొచ్చుకోవడం కన్నా, సొంత రూపాలను ముందు పెట్టి అరువు రూపాలను అట్టడుగున రాయడం మేలు.

ఇప్పుడు తగువు చోటికి వచ్చాం: ‘వెలయ హెలీనతో’. హెలీనా హైదరాబాదులోని డీఆర్‌డీఎల్ రూపొందించిన క్షిపణి. లక్ష్యపు వేడి బొమ్మను చూసి వదలకముందే గుర్తుపెట్టుకుంటుంది, వదిలాక తన దారి తాను చూసుకుంటుంది, సుమారు 7 కిలోమీటర్లు వెళ్తుంది. వదిలినవాడు గుట్టచాటుకు దిగిపోవచ్చు. ఆటలో ఇంతకన్నా వరం లేదు, అందుకే ప్రతి ప్రతిపాదకుడూ దాన్ని ప్రచండ్ రెక్క కింద వేలాడదీస్తాడు. తెలుగువాడైతే మన ఊరి క్షిపణి కదా అన్న మమకారం కూడా తోడవుతుంది. మమకారం ప్రమాణం కాదు. 2022 ఏప్రిల్‌లో ఎత్తైన ప్రదేశంలో హెలీనాను పరీక్షించింది ధ్రువ్ కుటుంబపు హెలికాప్టర్ నుంచి. అదే ఏడాది అక్టోబరులో వాయుసేనలో చేరిన ప్రచండ్ ఆయుధాలు 20 మి.మీ. తుపాకీ, 70 మి.మీ. రాకెట్లు, గాలిలో పోరుకు మిస్త్రల్. ట్యాంకు క్షిపణి వాటిలో లేదు. ప్రచండ్‌కు రెక్క ఉంది, మన దగ్గర క్షిపణి ఉంది, కాబట్టి రెక్కకు క్షిపణి ఉంది అనడం అనుమాన ప్రమాణంలో కూడా నిలవదు.

దీనికి రెండు ఆక్షేపాలు వినవస్తాయి. ఆటలో నమూనా దశ దాటనివి బోలెడున్నాయి, జర్మనీ మౌస్ ట్యాంకు రెండంటే రెండే తయారైనా దానికి చోటిచ్చారు, మాకు మాత్రం ఇంత మడి ఎందుకని ఒకటి. నిజమే, పరీక్షలో వదిలినదాన్ని ఒప్పుకుందాం. అప్పుడు హెలీనా చేరవలసింది ధ్రువ్ కుటుంబంలో ఆయుధధారి అయిన రుద్ర మీద. పరీక్ష జరిగిన ఇంట్లోనే ఫలం ఉండాలి. రెండో ఆక్షేపం, ట్యాంకు క్షిపణి లేని ప్రచండ్‌ను ఆటలో ఎవడు ఎక్కుతాడని. దీనికి ఫ్రాన్సు శాఖలోనే జవాబుంది. ఫ్రెంచి సైన్యపు టైగర్ హెచ్‌ఏపీ కూడా తుపాకీ, రాకెట్లు, మిస్త్రల్‌లతోనే తయారైంది, ట్యాంకు క్షిపణి దానికీ లేదు; అయినా ఆటలో ఉంది. బలాన్ని బట్టి ప్రతి వాహనానికీ పోరు అంకె ఒకటి వేసి, సమానులతో జత కలపడం ఆట పద్ధతి. ఆయుధం తక్కువైతే అంకె తగ్గుతుంది, ఎదురయ్యే శత్రువు కూడా తగ్గుతాడు. ఆకాశంలో ఇతర హెలికాప్టర్లను వేటాడే ప్రచండ్ న్యాయమైన అంకెతో వస్తే హాయిగా ఆడుకోవచ్చు. లేని హెలీనాతో వస్తే పైఅంకె పడుతుంది, ఏదో ఒక రోజు ఆధారం లేదని క్షిపణిని పీకేస్తే, పైఅంకెలో తుపాకీ పట్టుకుని నిలబడాల్సి వస్తుంది. కాబట్టి మూడో పాదంలో ‘వెలయ హెలీనతో’ అన్న పాఠాన్ని తీసేసి ‘వెలయ మిస్త్రలుతోడ’ అని దిద్దుకోవాలి. గణం చెడదు, యతి చెడదు, నిజమూ చెడదు.

మూలంలో లేనిది రాయరాదన్న నియమానికి రెండో వైపు ఒకటుంది. ఉన్నా ముట్టుకోకూడని మూలాలు ఉంటాయి. ఆటలోని చాలెంజర్ 2 ట్యాంకు నమూనా తప్పని నిరూపించడానికి 2021లో ఒక ఆటగాడు బ్రిటన్ సైన్యపు మాన్యువల్ పుటలను బయటపెట్టాడు. అదే ఏడాది ఫ్రాన్సు లక్లెర్క్ ట్యాంకు విషయంలోనూ అలాగే జరిగింది. వాదంలో గెలవాలన్న పంతం ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి. అలాంటి పత్రాలను గైజినయ్య తీసుకోడు. ఇక్కడ 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా అమల్లో ఉంది. రహస్యం లేకుండా ప్రతిపాదన ఎలా అంటారా? హెచ్‌ఏఎల్ తన కరపత్రాల్లో అచ్చువేసిన కొలతలు, రక్షణ శాఖ ప్రకటనలు, బెంగళూరు యలహంకలో ఏరో ఇండియా ప్రదర్శనలో రెక్క కింద అందరూ చూసిన ఆయుధాలు, ఇవి చాలు. మన వాహనాల మీద బహిరంగ సమాచారం పలచగా ఉన్నచోట ఆ కొలత గడిని ఖాళీగా వదిలేయాలి. ఖాళీ గడి ప్రతిపాదనకు పరువు తక్కువ కాదు, ఊహించి నింపిన గడి పరువు తీస్తుంది.

తాత్పర్యము: ఓ ఆట యజమానీ, కింది మెట్టున లాన్సర్‌ను, నడిమి మెట్టున తుపాకీ రాకెట్ల రుద్రను, పై మెట్టున మిస్త్రల్ ప్రచండ్‌ను, ఆపైన హెలీనా పరీక్షా రూపంగా రుద్రనే మరోసారి నిలిపి శాఖ కట్టు, అపాచీ ఇస్తే సంతోషం, ఇవ్వకపోయినా కోపం లేదు. ప్రతిపాదన రాసే తమ్ముళ్లు, చెల్లెళ్లు పంపే ముందు ఆయుధాల పట్టికను మరోసారి చదివి, ప్రతి ఆయుధం పక్కన అది ఏ హెలికాప్టర్‌కు, ఏ ఏట, ఎవరి ప్రకటనలో కనిపించిందో రాయండి. రాయలేనిదాన్ని కొట్టేయండి.