మెట్ల కింది మీటర్లు

కలకత్తా భవానీపూర్‌లో నేను అద్దెకున్న ఇంట్లో దేవుడి గది లేదు గానీ, మెట్ల కింద మీటర్ల గూడు ఉంది. చెప్పుల వరస దాటి నడుం వంచితే, చెక్క పలక మీద ఏడు మీటర్లు. ఒకటి ఉన్నట్టు ఇంకొకటి ఉండదు. మేం మేసోమశాయ్, అంటే బాబాయిగారూ, అని పిలిచే ఇంటాయన నెలకోసారి టార్చిలైటుతో వచ్చి వాటి దర్శనం చేసుకుని, మాకు ప్రసాదంగా తలా ఒక చీటీ పంచుతాడు.

పోయిన నెల నా సబ్‌మీటరు తిరిగింది 90 యూనిట్లు. చీటీలో ఉన్నది 110.

"మేసోమశాయ్, ఈ ఇరవై ఎక్కడివి?"

"మెట్ల దీపం, నీళ్ల పంపు, తీగల్లో పోయేది..."

"మీటరు చూపలేదు కదా!"

"అది చిన్న మీటరు బాబూ, దానికేం తెలుసు?"

నవ్వొచ్చింది. తీరా ఆలోచిస్తే, మీటరు చూపేదంతా నిజం కాదని ఇంజనీర్లూ ఒప్పుకుంటారు. మామూలు ఇంటి సర్వీసుకు ఆ చిక్కు లేదు, రెండే తీగలు: ఫేజు, న్యూట్రలు. కరెంటంతా సింగిల్ ఫేజు మీటరు కడుపులోంచే పోతుంది. పిండిమరకు త్రీఫేజు, న్యూట్రలుతో కలిపి నాలుగు తీగలు, లోపల మూడు కొలత యూనిట్లు. ఎన్ని తీగలుంటే దానికి ఒకటి తక్కువ చాలని 1893లో బ్లాండెల్ అనే ఫ్రెంచి ఇంజనీరు తేల్చాడు. ఆయన మన ఆఫీసుల్లో పనిచేసి ఉంటే, నలుగురి లెక్క చూడటానికి ఐదుగుర్ని వేయాలని తేల్చేవాడు.

వందల ఆంపియర్లు లాగే సర్వీసుల కథ వేరు. అంత కరెంటును మీటరు కడుపు పట్టదు. అందుకని మధ్యలో సీటీ అనే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. లైన్లో 200 ఆంపియర్లు పారుతుంటే, మీటరు చెవిన పడేది 5. జరిగినదాంట్లో నలభయ్యో వంతు! బిల్లు రాసేవాడు దాన్ని నలభైతో గుణించాలి. ఇదే మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్, ముద్దుపేరు ఎంఎఫ్. కొన్ని మీటర్లు ఆ గుణకారం లోపలే చేసుకుని చూపిస్తాయి. అక్కడే ఉంది తిరకాసు. గుణించడం మరిచిపోతే ఫ్యాక్టరీ కాస్తా గుడిసె అవుతుంది. రెండోసారి గుణిస్తే ఫ్యాక్టరీ యజమాని గుడిసెలోకి మారతాడు. పోనీ భయమెందుకని చిన్న లోడుకు పెద్ద సీటీ బిగిస్తే, లారీ కాటా మీద జీలకర్ర తూచినట్టే.

కలకత్తావాళ్లకు ఎంఎఫ్ కొత్తేమీ కాదు. ఇక్కడి పసుపు టాక్సీల్లో పాత మీటరు చూపిన అంకెను రెట్టింపు చేసి, పైన కాస్త కలిపి ఇవ్వడం ఏళ్ల తరబడి అలవాటుగా ఉండేది. కొత్తగా దిగిన తెలుగువాడు మీటరు చూసి "అబ్బ, ఎంత చవక!" అనుకునే ఆ పది నిమిషాల సుఖం ఇంకే ఊళ్లోనూ దొరికేది కాదు.

ఈ ఊరికి కరెంటు రకాల గొడవా పాతదే. 1899 ఏప్రిల్ 17న ఇమామ్‌బాగ్ లేన్‌లో మొదలైన కేంద్రం ఇచ్చింది డీసీ. ఏసీ తర్వాత వచ్చింది. మనం చిన్నప్పుడు గుడ్లప్పగించి చూసిన, మీటర్లో గిర్రున తిరిగే అల్యూమినియం పళ్లెం ఏసీకి పుట్టిన బిడ్డ. అటూ ఇటూ మారే అయస్కాంత క్షేత్రం ఉంటేనే దానికి చలనం. డీసీ తీగకు తగిలిస్తే యోగిలా కూర్చుంటుంది. ఎంత వాడినా సున్నా! డీసీ మాత్రం పోలేదు, మా కాళ్ల కిందికి దిగింది. 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా నడిచిన దేశపు తొలి మెట్రో, 750 వోల్టుల డీసీతోనే నడిచింది.

మన తెలుగువాళ్లు ఇంత తికమక పడలేదు. 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం వ్యవసాయ మోటార్లకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలంది. దాంతో మోటారు మీది హార్స్‌పవర్ పలకే మీటరైంది. ఏడున్నర మోటారుకు ఐదు పలక బిగించడం కూడా ఒక కుటీర పరిశ్రమ. 2004 మే 14న ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పడ్డాక, ఆ పలకతోనూ పని లేకపోయింది. సున్నాను ఏ ఎంఎఫ్‌తో గుణించినా సున్నాయే.

ఇక మా ఇంటికొస్తే, చీటీ పట్టుకుని మళ్లీ మెట్ల కిందికి వంగాను. ఇంటాయన సొంత మీటరు నుంచి ఒక తీగ గోడ వెంట పాక్కుంటూ పోయి, వీధివైపు జిరాక్సు షాపులో తేలింది. మీటరేమో గృహ కేటగిరీ, షాపేమో శుద్ధ వ్యాపారం.

"మేసోమశాయ్, 2003 విద్యుత్ చట్టంలో 126వ సెక్షన్ అని ఒకటుంది. ఒక పనికి తీసుకున్న సర్వీసును ఇంకో పనికి వాడినట్టు తేలితే, రెట్టింపు రేటు కట్టమంటారట. అంటే ప్రభుత్వం వారి ఎంఎఫ్ రెండన్నమాట."

ఆయన టార్చి ఆర్పేశాడు. చీకట్లో కాసేపు ఏమీ వినబడలేదు, షాపులో జిరాక్సు మిషను చప్పుడు తప్ప.

"ఆ చీటీ ఇలా ఇవ్వు బాబూ, కళ్లజోడు లేకుండా రాశాను."

90.