వైజాగ్ ప్లాను

2017 సంక్రాంతి సెలవులకు వైజాగ్ ప్లాను వేసింది నేనే. పటాన్‌చెరులో నైట్ షిఫ్టు దిగి వచ్చి, నిద్ర మానుకుని, పిల్లవాడి రూళ్ల నోటుబుక్కులో గంటలతో సహా రాశాను. దానికి మా ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గాభవాని గుళ్లో కుంకుమ బొట్టు కూడా పెట్టించాను.

రాత్రి వంటింటి గడపలో కూర్చుని చదివి వినిపించాను. మా ఆవిడ జొన్నరొట్టె కొడుతోంది.

మొదటి రోజు సింహాచలం, కైలాసగిరి, బీచి ఒడ్డున కురుసుర జలాంతర్గామి. రెండో రోజు పొద్దున్నే కిరండూల్ ప్యాసింజరు. ఆ లైనులో మొత్తం 58 సొరంగాలు! బొర్రా గుహలు, అరకులో గిరిజన మ్యూజియం, థింసా డ్యాన్సు. మూడో రోజు తొట్లకొండ బౌద్ధారామం, భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు. నాలుగో రోజంతా సముద్రమే.

ఖర్చు దగ్గరా తెలివిగానే ఉన్నాను. లాడ్జి బదులు గ్యాసుపొయ్యి ఉన్న గది మాట్లాడాను. అమ్మకు రొట్టె లేనిదే పూట గడవదు కాబట్టి పిండి, పెనం మనమే పట్టుకుపోతాం. అరకు రోజు మూడింటికి లేస్తే పులిహోర అయిపోతుంది. ఉప్పునీళ్ల బట్టలు రాత్రికి రాత్రే పిండేస్తే తెల్లారేసరికి ఆరతాయి.

"ఇంక నీకేమన్నా చూడాలనుందా?" అని అడిగాను, పెద్ద మనసుతో.

రొట్టె పెనం మీద వేసింది.

"మన సంగారెడ్డిల పాత జైలున్నది గద. పైసలిస్తె ఉండనిస్తరట?"

నాకు హుషారొచ్చింది. 1796లో కట్టిన జైలు, అప్పటికే మ్యూజియం అయింది. అప్పట్లో ఐదు వందలు కడితే ఇరవై నాలుగు గంటలు ఖైదీలా ఉండనిచ్చేవారు. ఖద్దరు బట్టలు, ప్లేటు, మగ్గు అన్నీ వాళ్లే ఇస్తారని చెప్పాను.

"బువ్వ?"

"అదీ వాళ్లే పెడతరు."

"గిన్నెలు ఎవలు తోముతరు?"

"గిన్నెలేముంటయ్? ఎవల ప్లేటు వాళ్లే కడుక్కోవాలె."

పిండి చేతుల్తో అట్లాగే నా వైపు తిరిగింది.

"ఒక్క ప్లేటేనా?"

"ఒక్కటే."

"ఐతే ఆ నాలుగు దినాలు నన్ను ఆడ దింపి, మీరు మంచిగ పోయి రాండ్రి."